ఒక్కడికి ఇద్దరు

ఖురం, మస్కట్
10 నవంబరు 1989

ఓబులేసూ,

మూడేళ్ల తర్వాత నా దస్తూరీ కనిపించిందంటే ఏదో అవసరం పడిందని కవరు చూడగానే నీకు తెలిసిపోయి ఉంటుంది. కాబట్టి క్షేమసమాచారాలకు ఒక్క వాక్యం ఖర్చు పెడతాను. నేనూ నస్రీనూ పిల్లలూ దార్సైట్ ఫ్లాటులో బాగున్నాం. నువ్వు సోహార్ క్యాంపులో ఎలా ఉన్నావో మీ సిమెంటు లారీ డ్రైవర్ అబ్దుల్ వారం వారం వచ్చి చెప్పిపోతాడు.

ఇక సంగతి. నన్ను మా కంపెనీ బాస్కెట్‌బాల్ టీముకు మేనేజర్ని చేశారు. నవ్వుకో, నవ్వాక మిగతాది చదువు. ప్రొద్దుటూరు కాలేజీ టీములో నువ్వు ఆడితే నేను నీ తువ్వాలు పట్టుకుని నిలబడినవాణ్ని. రెండేళ్లలో ఒకే ఒక్కసారి కోర్టులోకి దిగాను, ఒక బుట్ట కూడా వేశాను, అది మన బుట్టే. ఈ వివరాలేవీ మా ఆఫీసు నడిపే ముదీరుకు చెప్పలేదు. "కాలేజీ టీములో ఉన్నాను సార్" అన్నాను. అందులో అబద్ధమేముంది? స్టోర్సులో సిమెంటు బస్తాలు, పైపులు లెక్కపెట్టే మనిషికి అంతకన్నా పెద్ద అర్హత ఉంటుందని ఆయనా అనుకోలేదు.

మన కంపెనీల యజమానులు, మా అర్బాబూ మీ అర్బాబూ, అన్నదమ్ముల బిడ్డలన్నది నీకు తెలుసు. పోయినేడు మీ టీము గెలిచిన కప్పు మీ ఆయన ఆఫీసులో అద్దాల బీరువాలో ఉందట. మా ఆయన కాఫీకి వెళ్లినప్పుడల్లా సరిగ్గా ఆ బీరువాకు ఎదురుగా కూర్చోబెడతారట. ఈ ఏడు ఆ కప్పు తన గదిలో ఉండాలన్నాడు. నా మేనేజరు ఉద్యోగం అక్కణ్నుంచి పుట్టింది, కప్పు రాకపోతే అక్కడే పోతుంది. పోతే మళ్లీ పైపులు లెక్కపెట్టాలి.

మొన్న ఒక క్యాటరింగ్ కంపెనీ ఫిలిప్పీనోలతో మొదటి మ్యాచ్ ఆడాం. తేడా ఎంతని అడగకు. మా స్కోరుకు రెండో అంకె వచ్చేసరికి హాఫ్‌టైమ్ దాటింది.

కోర్టు దగ్గర అందరూ మీ ఓంకార్ పేరే చెబుతున్నారు. మీ అర్బాబూ మా అర్బాబూ ఒక మాట అనుకుంటే, కంపెనీ మారడానికి కావలసిన రిలీజ్ కాగితం మీద సంతకం ఎంతసేపు? వాణ్ని నాకివ్వు. బదులుగా పెంచలయ్యనిస్తాను. రాజంపేట మనిషి, ఏసీ మెకానిక్, బాస్కెట్‌బాల్ కూడా ఆడతాడు. ఈ 'కూడా' అన్నమాట నిజాయితీగా వాడాను.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. మా ఆఫీసు ఆపరేటరు అన్ని ఫోన్లూ వింటాడు. మా టీములో సెంటర్ ఆడేది వాడే. ఓంకార్ వస్తే పోయేది వాడి చోటే.

నీ
జావెద్


సోహార్
21 నవంబరు 1989

జావెద్‌కు,

మీ ముదీరు నిన్ను మేనేజర్ని చేశాడని చదివి, ఆయన ఆరోగ్యం ఎలా ఉందో కనుక్కోవాలనిపించింది. అయితే నేనూ అంతకన్నా గొప్పవాణ్ని కాదు. కాలేజీలో ఆడినవాణ్నే, ఇప్పుడు నా పొట్ట కోర్టులోకి ఒక అడుగు ముందుగా చేరుతుంది. టైమ్ కీపర్ పని మధ్యలో టీము చూస్తున్నాను, ఈల వెయ్యటం, అరవటం నా శిక్షణ.

ఓంకార్ గురించి విన్నదంతా నిజమే. పరంజా కట్టే పని. మన గోదావరిఖని కుర్రాడు, వాళ్ల నాన్న బొగ్గు గనిలో పనిచేసేవాడు. అక్కడి కాలనీ కోర్టులో చిన్నప్పట్నుంచీ ఆడాడు. చెయ్యెత్తి నిలబడితే బాల్ దానంతటదే వచ్చి చేతిలో పడుతుందనిపిస్తుంది.

అలాంటివాణ్ని పెంచలయ్యకు ఇమ్మంటావా? నన్ను అంత అమాయకుణ్ని అనుకోవడంలో తప్పులేదు, కానీ ఉత్తరంలో రాయకూడదు. మా క్యాంపులో సగం ఏసీలు గాలికి బదులు చప్పుడు ఇస్తున్నాయి కాబట్టి పెంచలయ్య కావాలి. వాడితో పాటు మీ ఫిలిప్పీనో కుర్రాడు రోమెల్ కావాలి. మీ టీములో పాసు సరిగా ఇచ్చేది అతనొక్కడేనని అబ్దుల్ చెప్పాడు. ఒక్కడికి ఇద్దరు.

ఒక మాట ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను తిట్టొద్దు. ఓంకార్ అగ్రిమెంటు మార్చి ఆఖరుకు అయిపోతుంది. ఫైనల్ ఫిబ్రవరిలోనే కాబట్టి కప్పు వరకు ఫర్వాలేదు. మార్చి దాటితే వాడు ఎవరివాడూ కాదు. ఇంటికి పోవచ్చు, కొత్త వీసా మీద ఇంకే కంపెనీకైనా రావచ్చు. నీకు మిగలకపోవచ్చు. ఆలోచించుకో.

ఓబులేసు


ఖురం
8 డిసెంబరు 1989

ఓబులేసూ,

ఆలోచించాను. శుక్రవారం పూట పిల్లల్ని బీచికి తీసుకెళతానని చెప్పి, సోఫాలో కూర్చుని సాయంత్రందాకా ఆలోచించాను. పిల్లలు ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు.

ఇవ్వనంటే నా టీము ఇలాగే ఉంటుంది, అంటే ఓడుతూ ఉంటుంది. ఇస్తే రోమెల్ పోతాడు. అప్పుడు ఓంకార్‌కు బాల్ అందించేది ఎవరు? బాల్ అందకుండా బుట్ట కింద నిలబడే ఆరడుగుల నాలుగంగుళాల మనిషి నాకెందుకు, పరదాలు తగిలించుకోవడానికా? సరే, ఎలాగో అందుతుందనుకుందాం. కప్పు వస్తుందనుకుందాం. ఏప్రిల్ ఒకటో తేదీన నా దగ్గర ఓంకార్ ఉండడు, రోమెల్ ఉండడు, పెంచలయ్య ఉండడు. ఆపరేటరు ఉంటాడు, నేనుంటాను. వచ్చే ఏడు మేమిద్దరమే ఆడాలి. ఇన్ని తెలిసీ బుర్ర ఉన్నవాడెవడూ ఒప్పుకోడు.

ఒప్పుకున్నాను.

నస్రీన్‌కు చెబితే, "ఆ ముగ్గుర్నీ ఒక మాట అడిగినారా?" అంది. నేను టీ అడిగాను.

అయినా పెంచలయ్యకు చెప్పాను. "పొమ్మంటే పోతా సార్" అన్నాడు. చెప్పాక కూడా కాసేపు అక్కడే నిలబడ్డాడు. ఇంకేమైనా ఉందా అంటే "ఏం లేదులే సార్" అన్నాడు. కాబట్టి వాడికి అభ్యంతరం లేదు. రోమెల్‌కు ఏ అభ్యంతరమూ లేదు, సోహార్‌లో చేపలు బాగుంటాయా అని అడిగాడు.

మా అర్బాబుతో మాట్లాడాను. ఆయన మీ అర్బాబు దగ్గరికి కాఫీకి వెళుతున్నాడు. ఈసారి బీరువాకు వీపు పెట్టి కూర్చుంటానన్నాడు.

జావెద్


సోహార్
20 డిసెంబరు 1989

జావెద్‌కు,

రెండు సంతకాలూ ఒకే కాఫీకి పడ్డాయి. మీ వాళ్లిద్దరూ నిన్న చేరారు. పెంచలయ్య సామాను దించకముందే మా మెస్సు ఏసీ విప్పి కూర్చున్నాడు. రోమెల్ చేపల సంగతి వంటవాడితో తేల్చుకుంటున్నాడు.

ఓంకార్‌ను ఈ ఉత్తరంతో పాటే అబ్దుల్ లారీలో పంపుతున్నాను. నెమ్మదస్తుడు. బాగా తిండి పెట్టు. ఇంటి విషయాలు ఎక్కువ కదిలించకు, ఆట మీద ధ్యాస చెదురుతుంది. ఏమైనా అడిగితే "చూద్దాం" అను. నేను అలాగే అనేవాణ్ని, బాగా పనిచేసింది.

ఇక నుంచి మనం శత్రువులం. సెమీఫైనల్లో ఎదురుపడితే తువ్వాలు నువ్వు తెచ్చుకో.

ఓబులేసు


ఖురం
19 జనవరి 1990

శత్రువుగారికి,

మూడు మ్యాచులు, మూడు గెలుపులు. నేను పడ్డ శ్రమ చెబుతాను విను. కుర్చీలో కూర్చుంటాను. ఓంకార్ బుట్ట వేసినప్పుడల్లా, నేను నేర్పినట్టే వేశాడు అన్నట్టు తల ఊపుతాను. పాసులిచ్చే రోమెల్ లేడని భయపడ్డాను కదా. ఓంకారే పోయి బాల్ తెచ్చుకుంటాడు, ఓంకారే వేస్తాడు, మళ్లీ ఓంకారే వెనక్కి పరుగెత్తి మా బుట్ట కాపలా కాస్తాడు. మిగతా నలుగురూ నాలాగే తల ఊపుతున్నారు. ఆపరేటరు నీళ్ల సీసాలు అందిస్తున్నాడు. నా ఫోన్లు మాత్రం అరగంట ఆలస్యంగా కలుపుతున్నాడు.

మా అర్బాబు నా భుజం తట్టాడు. కొత్త బీరువాకు కొలతలు తీయించాడు. ఖురంలో నడుస్తుంటే నాకు తెలియనివాళ్లు సలాం చేస్తున్నారు. నిన్న అద్దంలో చూసుకుంటే నేను కొంచెం పొడుగైనట్టు అనిపించింది. నస్రీన్ లేదంది.

మొన్న గెలిచాక టీముకంతా బిర్యానీ పెట్టించాను. ఓంకార్ ప్లేటు ముందు కూర్చుని ముట్టుకోవడం లేదు. దగ్గరికెళ్లి కూర్చుంటే, "సార్, ఫిబ్రవరి సంగతి మీకు యాది ఉన్నది గదా" అన్నాడు. ఫైనల్ గురించి అడుగుతున్నాడనుకున్నాను. "అదెలా మరిచిపోతాను, నాకు దానికన్నా ముఖ్యం ఏముంది" అన్నాను. వాడి ముఖం విప్పారింది. నా చెయ్యి పట్టుకుని, "మీ అసొంటి సార్ దొరుకుడు నా అదృష్టం" అన్నాడు. రెండు ప్లేట్లు తిన్నాడు.

ఫైనల్ అంటే అంత ప్రాణం పెట్టే ఆటగాణ్ని నువ్వెలా వదులుకున్నావురా?

జావెద్


సోహార్
26 జనవరి 1990

జావెద్‌కు,

గెలుపులకు అభినందనలు. మేమూ సెమీస్‌కు వచ్చాం. రోమెల్ పాసులిస్తుంటే మావాళ్లకు బాల్ ఎటునుంచి వస్తుందో తెలియక ముఖాలకు తగిలించుకుంటున్నారు, అయినా గెలుస్తున్నాం.

ఈ ఉత్తరం పెంచలయ్య గురించి. మా క్యాంపులో ఇప్పుడు ప్రతి రూములోనూ దుప్పటి కప్పుకుని పడుకుంటున్నారు, అంత చల్లగా చేశాడు. కానీ శుక్రవారం వస్తే మనిషి మనిషిలా ఉండడు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని రోడ్డు దాకా పోయి, మస్కట్ వైపు పోయే బళ్లను చూస్తూ నిలబడి తిరిగొస్తాడు. పోయిన శుక్రవారం నేనే వెంట వెళ్లి అడిగాను. "మా చెల్లెలు శాంతమ్మ దార్సైట్‌లో ఒక ఇంట్లో ఆయా పని చేస్తాది సార్. శుక్రవారం ఒక్కపూటే బయటికి ఇడుస్తారు. నేను పోకపోతే అది గుడి దగ్గర మెట్ల మింద ఒక్కతే కూర్చోనుంటాది" అన్నాడు. ఇక్కణ్నుంచి పోయి ఒక్కరోజులో రావాలంటే టాక్సీకి వారం జీతం పెట్టాలి.

జావెద్, ఇది నీకు తెలుసా? తెలిస్తే నాకెందుకు రాయలేదు?

ఓంకార్ ఫిబ్రవరి అన్నది బహుశా ఫైనల్ గురించే అయ్యుంటుంది.

ఓబులేసు


దార్సైట్
5 ఫిబ్రవరి 1990

ఓబులేసూ,

'బహుశా' అని రాశావే, ఆ మాట రాసేటప్పుడు నీకు సిగ్గనిపించలేదా?

గురువారం గోదావరిఖని నుంచి ఓంకార్‌కు టెలిగ్రాం వచ్చింది. వాళ్లమ్మ రాములవ్వ ఇప్పించింది. వాడి భార్య శ్రీలతకు రక్తపోటు పెరిగింది, కాళ్లు వాచాయి, కాన్పు కష్టమవుతుందని డాక్టరమ్మ కరీంనగర్ తీసుకుపొమ్మంది, వెంటనే రా. వాడు ఆ కాగితం పట్టుకుని నా ఆఫీసుకొచ్చి, "సార్, ముందుగాల్నే పంపుతరా?" అన్నాడు. ఎక్కడికి అన్నాను. అప్పుడు నాకు మొత్తం తెలిసింది.

పోయిన మేలో వాళ్ల నాన్న పోయినప్పుడు నువ్వే పదిరోజులు సెలవిచ్చి పంపావట. అప్పటి గర్భమట. ఇంతకుముందు ఒక బిడ్డ కడుపులోనే పోయిందట. ఫిబ్రవరిలో ఇంటికి పంపమని అక్టోబరు నుంచీ నిన్ను అడుగుతున్నాడట, నువ్వు చూద్దాం అన్నావట. ఆఖరికి ఏమన్నావో వాడి మాటల్లోనే రాస్తాను. "ఓబులేసు సార్ చెప్పిండు, ఈడ పెద్ద సెలవు దొరకది, జావెద్ సార్ కాడికి పో, ఆయన ఫిబ్రవరిల టికెట్ ఇప్పించి పంపుతడు అన్నడు. గందుకే వచ్చిన. లేకుంటే నన్ను ఎవ్వలు అడిగిండ్రు సార్?"

కప్పు కోసం వాణ్ని పంపలేక, పంపకపోతే వచ్చే పాపం నా నెత్తిన పెట్టావు. దానికి నా దగ్గర ఇద్దర్ని కూడా పుచ్చుకున్నావు. ఇంత మంచి బేరం నేను జీవితంలో చూడలేదు.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం రాస్తాను. శుక్రవారం తొమ్మిదో తారీఖు సెమీఫైనల్, మీతోనే. "పాస్‌పోర్టు అర్బాబు లాకర్లో ఉంది, ఆయన సలాలాలో ఉన్నాడు, రాగానే ఇప్పిస్తాను" అన్నాను. అర్బాబు పక్క గదిలో కాఫీ తాగుతున్నాడు. పాస్‌పోర్టు నా సొరుగులో ఉంది. వాడు "మంచిది సార్" అని ప్రాక్టీసుకు పోయాడు. శనివారం అడిగాడు, ఆదివారం అడిగాడు, ఈరోజు అడగలేదు. ప్రాక్టీసులో ఎప్పటికన్నా బాగా ఆడుతున్నాడు, బాగా ఆడితే పంపుతాననుకుంటున్నాడేమో.

నేను చెడ్డవాణ్ని కాదని నీకు తెలుసు. ఐదు రోజులే కదా, కాన్పుకు ఇంకా రెండు వారాలుంది కదా అని లెక్కలేసుకుంటున్నాను. ఆ లెక్కలు నాకే నచ్చడం లేదు.

పెంచలయ్య చెల్లెలి సంగతి అడిగావు. తెలుసు. రెండేళ్లుగా ప్రతి శుక్రవారం వాడు మా ఫ్లాటు కిందనుంచే గుడి వైపు నడిచిపోయేవాడు. బాల్కనీలోంచి చెయ్యి ఊపేవాణ్ని కూడా.

నువ్వయితే ఏం చేసేవాడివో రాయి. వద్దులే, చేసింది తెలిసింది కదా.

జావెద్


సోహార్
7 ఫిబ్రవరి 1990

జావెద్,

అబ్దుల్ లారీ కదులుతుంటే రాస్తున్నాను.

నువ్వు రాసినదంతా నిజం. అక్టోబరులోనే ఒప్పుకోవాల్సింది. మా ముదీరు కప్పు దాకా ఎవర్నీ పంపొద్దన్నాడు, నేను ఎదురు చెప్పలేదు. వాడు రోజూ సాయంత్రం టైమ్ ఆఫీసు ముందుకొచ్చి నిలబడేవాడు. వాడు నిలబడటం చూడలేకపోయాను. వాణ్ని పంపెయ్యడం కన్నా, నాకు కనపడనిచోటికి పంపెయ్యడం సులభంగా తోచింది. సరిగ్గా అప్పుడే నీ ఉత్తరం వచ్చింది, ఒక్కడికి ఇద్దరు వస్తారంటే మా ముదీరూ ఒప్పుకున్నాడు. నీకు మంచి మనసుందనీ, నేను చెయ్యలేనిది నువ్వు చేస్తావనీ నాకు నేను చెప్పుకున్నాను. నీ ఆట గురించి తప్ప నీ మీద ఎప్పుడూ తక్కువ అభిప్రాయం లేదు నాకు.

వాణ్ని పంపెయ్. మ్యాచ్ మీరు ఓడిపోతారు. మేమే గెలుస్తాం కాబట్టి ఈ మాట నేను చెప్పడం ఎంత దరిద్రంగా ఉంటుందో నాకు తెలుసు. అయినా పంపెయ్.

ఓబులేసు


దార్సైట్
14 ఫిబ్రవరి 1990

ఓబులేసూ,

శుక్రవారం కోర్టు దగ్గర నువ్వు రెండుసార్లు నా వైపు వచ్చావు, నేను రెండుసార్లూ నీళ్ల సీసాలు సర్దుకున్నాను. అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను.

నీ ఉత్తరం నాకు అందింది గురువారం మధ్యాహ్నం. అప్పటికే ఓంకార్ పాస్‌పోర్టు వాడి చేతిలో ఉంది. నీ సలహా విని పంపాననుకోకు, నా మనసు మారి పంపాననీ అనుకోకు. బుధవారం భోజనానికి ఇంటికొస్తే, నస్రీన్ వడ్డిస్తూ "ఆ పిల్లోడిని పంపినారా?" అంది. ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. అర్బాబు సలాలాలో ఉన్నాడన్నాను. వాడికి చెప్పి చెప్పి ఇంట్లో కూడా అదే నోటికొచ్చింది.

"పొద్దున మార్కెట్టు దగ్గర అర్బాబు కారు చూసినా" అంది. తర్వాత గిన్నె కింద పెట్టి అడిగింది, "మన పెద్దోడు పుట్టినప్పుడు మీరు ఆస్పత్రి గుమ్మం వదిలినారా? మా అన్న టీ తెచ్చిస్తే గూడా అక్కడే నిలబడి తాగినారు. యాదుందా?" గట్టిగా కూడా అనలేదు. నేను అన్నం ముందునుంచి లేచి ఆఫీసుకెళ్లాను.

మరుసటి రోజు సీబ్ ఎయిర్‌పోర్టుకు నేనే తీసుకెళ్లాను. దారిలో వాడికి నిజం చెప్పాను. లాకరు లేదు, సలాలా లేదు, సొరుగులోనే ఉంది అన్నాను. తిడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది. "ఎరుకే సార్" అన్నాడు. "అర్బాబును నేను గూడ సూసిన. మీరే సొరుగు తెరుస్తరని ఎదురుసూసిన" అన్నాడు.

వాడు విమానం ఎక్కాక పార్కింగులో కారులో కూర్చున్నాను. ఏసీ వేసుకోవాలని కూడా తోచలేదు.

మ్యాచ్ సంగతి నువ్వు చూశావు. మళ్లీ సెంటరుగా దిగిన ఆపరేటరు మొదటి ఐదు నిమిషాల్లోనే నాలుగు ఫౌళ్లు చేశాడు, అందులో ఒకటి నా మీద. పెంచలయ్య మీ తరఫున ఒక బుట్ట వేశాడు కదా, వేసి మా బెంచీ ముందునుంచి పరుగెత్తాడు. నమస్కారం పెట్టాడు. అది లేకుండా ఉంటే బాగుండేది.

ఇప్పుడు అసలు వార్త. సోమవారం కరీంనగర్ నుంచి ఫోను వచ్చింది. ఆపరేటరు ఈసారి ఆలస్యం చెయ్యలేదు, స్టోర్సు దాకా పరుగెత్తుకొచ్చి పిలిచాడు. ఆడపిల్ల. ఇద్దరూ బతికారు. కానీ శ్రీలతకు శుక్రవారం ఉదయమే ఫిట్సు వచ్చాయట, అప్పటికప్పుడు ఆపరేషన్ చెయ్యాలన్నారట. భర్త ఏడీ, సంతకం ఎవరు పెడతారు అంటే రాములవ్వ వేలిముద్ర వేసిందట. రక్తం కోసం ఆ ముసలమ్మ ముక్కూమొగం తెలియనివాళ్లను బతిమాలుకుందట. ఓంకార్ చేరింది శనివారం.

మొదటి రోజు అడిగినప్పుడే సొరుగు తెరిచి ఉంటే వాడు ఆరోజు అక్కడుండేవాడు. వాడు ఆ మాట అనలేదు. "పిల్ల మంచిగున్నది సార్, మా తమ్మునికి చెప్పినట్టు మీకు చెప్తున్న" అన్నాడు. నేను "మంచిది, మంచిది" అని నాలుగైదు సార్లు అన్నాను.

కప్పు సంగతి కూడా విను. సెమీఫైనల్ ఓడిపోయామని చెబితే మా అర్బాబు "మాఫీ ముష్కిల్, ఏం ఫర్వాలేదు" అన్నాడు. నిన్న రువిలో ఆటసామాన్ల దుకాణానికెళ్లి, మీ కప్పుకన్నా జానెడు పెద్దది ఒకటి కొనుక్కొచ్చి బీరువాలో పెట్టించాడు. నన్ను పిలిచి చూపించి, బాగుందా అన్నాడు. బాగుందన్నాను. ఇది నాకు నవంబరులో తోచి ఉంటే, ఓబులేసూ, ఒక మధ్యాహ్నంలో అయిపోయే పని.

జావెద్


సోహార్
2 మార్చి 1990

జావెద్‌కు,

ఫైనల్లో మేమూ ఓడాం. ఆ క్యాటరింగ్ కంపెనీ వాళ్లే కొట్టారు. మా అర్బాబు బీరువాలో పాత కప్పు పక్కన ఇప్పుడు ప్లాస్టిక్ పూలు పెట్టారు.

నీ ఉత్తరం చదివి రెండు వారాలు నీకు జవాబు రాయలేకపోయాను. ఆ శనివారం లెక్కలో నా వాటా నీ వాటా కన్నా ఎక్కువ. నీది వారం, నాది అక్టోబరు నుంచి.

సిగ్గు లేకుండా ఇంకొకటి చెప్పాలి. ఓంకార్‌కు అగ్రిమెంటు అయిపోవస్తోంది కదా, మా ముదీరు వాడికి కొత్త వీసా ఇస్తానంటున్నాడు, ఫోర్‌మన్‌గా. నేనే ఉత్తరం రాశాను వాడికి. వాడి మంచికోసమే రాశానని అనుకుంటున్నాను. వచ్చే ఏడు కప్పు గుర్తుకు రాలేదని మాత్రం చెప్పలేను.

ఓబులేసు


దార్సైట్
9 మార్చి 1990

ఓబులేసూ,

నేనూ రాశాను. మా ముదీరూ అదే చెప్పాడు, జీతం కొంచెం ఎక్కువ. కవరు అంటించాక నస్రీన్‌కు చెప్పాను. ఆమె నన్ను చూసిన చూపు నీకు రాయను.

ఈ పాటికి వాడి ఇంట్లో మన ఇద్దరి ఉత్తరాలూ పక్కపక్కన ఉండి ఉంటాయి. వాడు నవ్వుకుంటే అంతకన్నా కోరుకునేది లేదు.

నీకు ఒకటి చెప్పాలి. పోయిన శుక్రవారం నేను గుడి దగ్గరికి వెళ్లాను. లోపలికి కాదు, మెట్ల దాకా. శాంతమ్మ కూర్చుని ఉంది. పలకరించి, మీ అన్నను నేనే పంపానని చెప్పాను. "తెలుసు సార్. వాడు బాగుండాడా?" అంది. బాగున్నాడన్నాను. "ఏసీల కింద పనిచేస్తే వాడికి దగ్గొస్తాది, మఫ్లరు కట్టుకోమనండి" అంది. అబ్దుల్ చేత మఫ్లరు పంపింది, అందిందా?

పెంచలయ్యను నాకు తిరిగి ఇచ్చెయ్. బదులుగా ఎవర్నీ అడగను, ఏసీ మెకానిక్కు కావాలంటే ఇంకొకణ్ని వెతికిస్తాను. అర్బాబులతో నేను మాట్లాడతాను.

జావెద్


సోహార్
6 ఏప్రిల్ 1990

జావెద్‌కు,

ఓంకార్ నుంచి జవాబు వచ్చింది. ఇద్దరికీ కలిపి ఒకటే రాశాడు, నా పేరు మీద పంపాడు, నీకు చూపించమన్నాడు. వాళ్ల నాన్న ఉద్యోగం వాడికి ఇస్తున్నారట, బొగ్గు గనిలో. జూన్‌లో చేరతాడు. "సార్, మీ ఇద్దరి కంపెనీల గురించి శ్రీలతను అడిగిన. వద్దన్నది. ఇగ రాను. కోపం లేదు" అని రాశాడు. బిడ్డ ఫోటో పెట్టాడు, వాడి అరచేతిలో పడుకోబెట్టి తీయించాడు. ఆ చెయ్యి ఎంత పెద్దదో నీకు తెలుసు కదా, పిల్లకు పక్కలా సరిపోయింది. ఫోటో అబ్దుల్‌తో పంపుతున్నాను, నస్రీన్ చెల్లెమ్మకు చూపించు.

ఇక పెంచలయ్య. మీ అర్బాబూ మా అర్బాబూ కాఫీ తాగారు, రిలీజ్ కాగితం తయారైంది. సంతకం పెట్టించబోతూ ఆగాను. ఈసారి అడుగుదామనుకున్నాను. నిన్న మెస్సులో వాడి పక్కన కూర్చుని, "పెంచలయ్యా, మస్కట్‌కు తిరిగి పోతావా? పోవాలని లేకపోతే ఉండొచ్చు. నీ ఇష్టం" అన్నాను.

వెంటనే ఎగిరి గంతేస్తాడనుకున్నాను. నువ్వూ అనుకుని ఉంటావు. మనిద్దరం ఇన్నాళ్లూ ఆ చెల్లెల్ని తలుచుకుని బాధపడ్డాం కదా.

వాడు ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. ఇక్కడ ఏసీ వర్క్‌షాపు తన చేతికే అప్పజెప్పారన్నాడు. రోమెల్‌తో కలిసి సాయంత్రాలు చేపలకు పోతున్నానన్నాడు. మళ్లీ శుక్రవారాలు తలుచుకుని తల వంచుకున్నాడు. నేను ఆగలేక, "అయితే పోతావా ఉంటావా?" అన్నాను.

"శాంతమ్మను అడిగి చెప్తా సార్" అన్నాడు. "దానికి నేనొస్తే మేలా, ఈడ ఉండి దాన్ని గూడా ఈడికే పనికి రప్పించుకుంటే మేలా, దాన్ని అడగాల గదా. తొందరేముండాది?"

సంతకం కోసం మా అర్బాబు మూడుసార్లు కబురంపాడు. మీ అర్బాబు రెండుసార్లు ఫోను చేయించాడట. ఇద్దరికీ ఒకటే చెప్పాను, పెంచలయ్య ఇంకా ఆలోచిస్తున్నాడని.

శుక్రవారం వాణ్ని అబ్దుల్ లారీలో గుడి దగ్గరికి పంపుతున్నాను, శనివారం డ్యూటీ నేను సర్దుకుంటాను. అక్కడ కనిపిస్తే పలకరించు, కానీ ఏం తేల్చుకున్నావని మాత్రం అడగకు. వాడు చెప్పేదాకా మనం కూర్చుందాం.

ఓబులేసు